కారు అద్దానికి లోపట ఆవిరి: గుడ్డతోని తుడిస్తే పోదు

మేడారం జాతర మాఘమాసంల వస్తది. మాఘమంటే మన దిక్కు పగలు ఎండ, రాత్రి చలి. పస్రా దాటి తాడ్వాయి అడవిల పడ్డంక తెల్లారగట్ల ఆ చలి ఇంకింత ఎక్కువుంటది. జంపన్నవాగుల తానాలు చేసి, తల్లులకు బంగారం ఒప్పజెప్పి, తడి తువ్వాలలు, తడి చీరెలు ఒక సంచిల కుక్కి, ఐదుగురు కూసునే కారుల ఏడుగురు ఎక్కి వరంగల్ తొవ్వ పడ్తరు. పిల్లలకు చలి పెడ్తదని అద్దాలన్నీ మూస్తరు. కొద్ది దూరం పోయెసరికే ముందటి అద్దం పాలు పోసినట్టు తెల్లగైతది. డ్రైవర్ ఒక చేతితోని స్టీరింగ్ పట్టుకొని, ఇంకో చేతితోని తువ్వాల గుంజి తుడుస్తడు. రెండు నిమిషాలకు మళ్ల అదే కథ. ఎదురుంగ లారీ లైట్లు పడంగనే తుడిసిన గీతలన్నీ మెరిసి, అసలు తొవ్వే కనవడది.

జాతర పేరు చెప్పిన గానీ ఇది వానకాలం బొగత జలపాతం పోయొచ్చే పోరగాండ్లకూ ఉన్నదే. నీళ్లల్ల మునిగి, తడి బట్టలతోనే కారెక్కుతరు. పత్తి అమ్మనీకి పొద్దుగాలనే ఎనుమాముల మార్కెట్‌కు పోయేటోళ్లకూ ఉన్నదే. మన రోడ్ల సంగతి తెల్వనిది కాదు. వడ్ల సీజన్‌ల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెడ్తరు. ఎనుక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ రోడ్డు పక్కన నిలవెట్టి ఉంటది. ఇవన్నీ అద్దం మంచిగున్నప్పుడే కష్టంగ కనవడ్తయ్. అద్దం మసకైతే పట్టా ఏదో, రోడ్డు ఏదో తెల్వది.

అసలు ఆ నీళ్లు ఎక్కడికెల్లి వస్తున్నయో ముందు చూద్దాం. ఫ్రిజ్‌లకెల్లి తీసిన నీళ్ల సీసాకు బయట చెమటలు పడ్తయ్ గదా, అదే లెక్క. గాలిల కంటికి కనవడని నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటది. వెచ్చటి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకుంటది, సల్లటి గాలి తక్కువ పట్టుకుంటది. 30 డిగ్రీల కాడ ఒక ఘనపు మీటరు గాలి 30 గ్రాముల దాక పట్టుకుంటే, 20 డిగ్రీల కాడ 17 గ్రాములే. 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాములు దాటి ఎక్కువ పట్టదు. వెచ్చటి గాలి సల్లటి అద్దానికి తాకంగనే, పట్టుకోలేని ఆవిరిని అక్కడనే నీళ్లుగ వదిలేస్తది.

ఇగ కారు లెక్క చూడుండ్రి. చిన్న కారు లోపట సుమారు 3 ఘనపు మీటర్ల గాలి ఉంటది. ఒక మనిషి ఊపిరి, చెమట కలిపి గంటకు సుమారు 40 గ్రాముల నీళ్లు గాలిలకు వదుల్తడు. ఏడుగురు ఉంటే గంటకు పావు లీటరుకు పైన. దానికి తోడు తడి బట్టలు, తడి తలెంటికలు. అద్దాలన్నీ మూసినప్పుడు ఆ నీళ్లు ఎటు పోవాలె? బయట 15 డిగ్రీల చలికి ముందటి అద్దం సల్లవడి ఉంటది. ఉన్న నీళ్లన్నీ పోయి దానికే అంటుకుంటయ్. గుడ్డతోని తుడిస్తే అద్దం మీది నీళ్లు పోతయ్ గానీ గాలిల ఉన్న నీళ్లు అట్లనే ఉన్నయ్. అందుకే రెండు నిమిషాలకు మళ్ల వస్తది. పైగా చేతికున్న జిడ్డు, తువ్వాలకున్న నూనె అద్దానికి పట్టి, ఎదురు లైట్లకు మరింత మెరుస్తది.

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. మసక ఎప్పుడూ లోపటనే రాదు. వానకాలంల వరంగల్ గాలి ఎంత ఉక్కగ ఉంటదో ఎరుకే. అప్పుడు కారుల ఏసీ జోరుగ పెట్టి, ఆ సల్లటి గాలి ముందటి అద్దం మీదికి కొట్టిస్తే అద్దం సల్లగై, బయటి దిక్కు ఆవిరి పడ్తది. అంటే ఫ్రిజ్ సీసా మన కారే అయిందన్నట్టు. దీన్ని లోపట ఎంత తుడిసినా పోదు. ఏ దిక్కున్నదో తెల్వాలంటే లోపట ఒక వేలుతోని గీసి చూడాలె. గీత పడితే లోపటిది. పడకపోతే బయటిది. బయటిదైతే ఒక్కసారి వైపర్ తిప్పాలె, ఏసీ గాలి అద్దం మీదికి కొట్టకుంట మొకం దిక్కో కాళ్ల దిక్కో మళ్లించాలె, సల్లదనం జర తగ్గించాలె. అంతే.

లోపటిదైతే మందు వేరే. ముందు డాష్‌బోర్డు మీద రెండు బొమ్మలు గుర్తు పట్టాలె. ఒకటి, కారు బొమ్మ లోపటనే బాణం గుండ్రంగ తిరిగేది. అది నొక్కి ఉంటే బయటి గాలి లోపటికి రాదు, ఉన్న గాలే తిరుగుతది. దుమ్ము రోడ్డు మీద, లారీ పొగ ఎనుక అది మంచిదే. దుమ్ముకు భయపడి ఒకసారి నొక్కినోళ్లు మళ్ల తియ్యరు. ఏడాది పొడుగున అట్లనే ఉంటది. ఆవిరి వచ్చినప్పుడు మొట్టమొదలు తియ్యాల్సింది అదే. రెండోది, అద్దం బొమ్మ మీద ఒంకర బాణాలు పైకి పోయేది. అది పెడ్తే గాలి నేరుగ ముందటి అద్దం మీదికి కొడ్తది.

బయటి గాలి లోపటికి తీసుకొని, గాలి అద్దం మీదికి మళ్లించి, ఫ్యాను జోరు పెంచి, ఏసీ వెయ్యాలె. చలికాలమైతే ఏసీ వేసి ఉన్నప్పుడే గుబ్బను ఎర్ర రంగు దిక్కు తిప్పాలె. ఇక్కడనే మనోళ్లు ఆగిపోతరు. చలికి వణుకుతుంటే ఏసీ ఏంది, ఏసీ వేసినంక హీటర్ ఏంది అంటరు. ఏసీ అంటే సల్లగ చేసేదని మాత్రమే మనకెరుక. అది గాలిని ఆరబెడ్తది కూడా. ఏసీ లోపట సల్లటి కాయిల్ ఉంటది. గాలి దాని మీదికెల్లి పోతుంటే అందులున్న నీళ్లన్నీ ఆ కాయిల్‌కు అంటుకొని, సన్న పైపుల నుంచి కారు కిందికి కారిపోతయ్. ఏసీ కారు ఆగినకాడ రోడ్డు మీద నీళ్ల సుక్కలు పడేది అందుకే. నీళ్లు పోయిన ఆ గాలిని హీటర్ వేడి చేస్తది. ఎండిన వెచ్చటి గాలి అద్దం మీదికి కొడ్తే, ఒకదిక్కు అద్దం వెచ్చవడ్తది, ఇంకోదిక్కు దాని మీది నీళ్లను గాలి పీల్చుకుంటది. చానా కార్లల్ల ఏసీ, హీటర్ రెండూ ఒక్కసారే నడుస్తయ్. డ్రైవింగ్ నేర్పేటోళ్లు గేరు, క్లచ్, రివర్స్ చెప్తరు గానీ ఈ ముచ్చట చెప్పేటోళ్లు తక్కువ. కారుతోని వచ్చే పుస్తకంల ఉంటది, అది ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుంట డబ్బాల పడి ఉంటది.

ఏసీ వేస్తే పెట్రోలు తాగుతది అనేది పెద్ద అడ్డంకి. నిజమే, కొంత తాగుతది. అయితే అద్దం సాఫు కానీకి పది నిమిషాలు నడిపితే అయ్యే ఖర్చు ఒక చాయ్ పైసలకు అటూ ఇటు. ఇంకో సంగతి, అద్దం సాఫు కాంగనే ఏసీ బంద్ చేసి అద్దాలు మూసుకొని పోతే, తడిసిన కాయిల్ మీది నీళ్లు మళ్ల గాలిల కలిసి ఒక్కసారే బుస్సున ఆవిరి కమ్ముతది. మలుపు తిరిగేకాడ అట్లయితే గంతే సంగతులు. ఆపేదుంటే ముందు బయటి గాలి వచ్చేటట్టు చూసుకొని ఆపాలె.

ఏసీ లేని పాత బండి అయితే? లేకుంటే గ్యాస్ అయిపోయి మూలకు పడ్డ ఏసీ అయితే? ముందటి అద్దం ఒకటి, దానికి ఎదురు మూలకు ఎనుక అద్దం ఒకటి రెండేళ్ల మందం దించాలె. ఒక్కటే దించితే గాలి సరిగ తిరగదు. హీటర్ ఉంటే బయటి గాలితోని నడిపి అద్దం మీదికి పెట్టాలె. తడి బట్టల సంచి మూతి గట్టిగ కట్టాలె, వీలైతే డిక్కిల వెయ్యాలె. అప్పటికీ కనవడకపోతే బండి రోడ్డు కిందికి దించి, లైట్లు ఆర్పుకుంట వెలిగేటట్టు పెట్టి, నాలుగు డోర్లు తెరిచి ఐదు నిమిషాలు నిలబడాలె. తాడ్వాయి అడవిల ఐదు నిమిషాలు ఆగితే పులేం మింగది.

ఇప్పటిదాక చెప్పింది అప్పుడప్పుడు వచ్చే ఆవిరి. కొందరి కార్లకు రోజూ పొద్దుగాల ఉంటది, ఒక్కడే కూసున్నా వస్తది. అట్లయితే కారుల ఎక్కడనో నీళ్లు నిలిచినయన్నట్టే. ముందు కాళ్ల కింద రబ్బరు మ్యాటు ఎత్తి, దాని కింది కార్పెట్‌ను చేతితోని గట్టిగ ఒత్తి చూడాలె. పైన పొడిగనే ఉంటది గానీ కిందున్న స్పాంజి నీళ్లు తాగి కూసుంటది. అనుమానముంటే రాత్రి మ్యాటు కింద పేపర్ పరిచి పొద్దుగాల చూడాలె.

డ్రైవర్ పక్క సీటు కింద తడి ఉంటే ఏసీ నీళ్లు పోయే పైపు మూసుకుపోయిందేమో చూడాలె. ఉక్కపోసే రోజు ఇరవై నిమిషాలు ఏసీ నడిపినా కారు కింద సుక్క పడకపోతే, ఆ నీళ్లు లోపటికే వస్తున్నయన్నట్టు. మెకానిక్ ఆ పైపు సాఫు చేస్తే అయిపాయె. చింత చెట్టు కింద, యాప చెట్టు కింద బండి పెట్టేటోళ్లు వైపర్ల కింది ప్లాస్టిక్ జాలి చూసుకోవాలె. అక్కడ ఆకులు పేరుకొని వాననీళ్లు పోయే తొవ్వ మూసుకపోతే, ఆ నీళ్లు గాలి వచ్చే తొవ్వల నుంచి లోపటికి దిగుతయ్. డోర్ల రబ్బర్లు చీలినా అంతే. మన పోరలకు ఇంకోటి చెప్పాలె. పెద్ద స్పీకర్లు పెట్టిచ్చేటప్పుడు డోరు లోపటి ప్లాస్టిక్ షీటును కోసి అట్లనే వదిలేస్తరు. అద్దం మీదికెల్లి డోరులకు దిగే వాననీళ్లను ఆపేది ఆ షీటే. పాట మంచిగ వినవడ్తది గానీ కార్పెట్ నానుతది.

ఆవిరి జిడ్డు జిడ్డుగ ఉండి, తియ్యటి వాసనొచ్చి, కూలెంట్ మాటిమాటికి తగ్గుతుంటే హీటర్ కారుతున్నట్టు. దాన్ని వాయిదా వెయ్యొద్దు. కూలెంట్ విషం, అది తగ్గితే ఇంజన్ కూడా సీజ్ అయితది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటోళ్లకు ఈ ఆవిరి ఒక గుర్తు లెక్క పనికొస్తది. 2020 ఆగస్టుల వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినయ్. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, మోరంచపల్లి ఊరే నీళ్లల్లకు పోయింది. 2025 అక్టోబర్ చివర్ల మొంథా తుపానుకు మళ్ల వరంగల్ మునిగింది. ఇసొంటి వానలల్ల మునిగిన బండ్లు కడిగి, పాలిష్ కొట్టి తక్కువ ధరకు అమ్ముకానికి వస్తయ్. కొనే ముందు సీటు బెల్టు చివరిదాక గుంజి చూడుండ్రి, బురద మరక అక్కడ దాసుకొని ఉంటది. స్టెప్నీ తీసి ఆ గుంత చూడుండ్రి. సీటు కింది పట్టాలకు తుప్పు ఉన్నదా చూడుండ్రి. కారుల సెంటు వాసన మొకాన కొట్టిందంటే ఏ వాసన దాస్తున్నరో అడుగుండ్రి. అద్దాలు మూసి, బయటి గాలి రాకుంట, ఏసీ లేకుంట ఇద్దరు కూసొని పది నిమిషాలు ముచ్చట పెట్టుండ్రి. ఎండ రోజుల కూడా అద్దం మసకేసిందంటే ఆ కార్పెట్ కింద నీళ్లున్నయ్. ఇప్పటికే కొని ఉంటే సీట్లు, కార్పెట్ విప్పించి ఎండల ఆరబెట్టుడే. మన ఎండలు ఉత్తగనే వస్తయ్, వాడుకోవాలె.

చిట్కాల సంగతి కూడా అడుగుతరు. షాంపూ, గిన్నెలు తోమే లిక్విడ్, గడ్డం నురుగు, కోసిన ఆలుగడ్డ రుద్దుతరు. కొందరు డ్రైవర్లు వానల పొగాకు కూడా రుద్దుతరు. సబ్బుతోని చేసిన పని కొన్ని రోజులు ఆగుతది, ఎందుకంటే సబ్బు పొర మీద నీళ్లు సుక్కలుగ నిలవకుంట పల్చగ పరుచుకుంటయ్, చూపు మసక కాదు. గాలిల తేమ మాత్రం తగ్గదు. ఎక్కువ రుద్దితే రాత్రి లైట్లకు అద్దం మెరుస్తది. దానికన్న అద్దం లోపట సాఫుగ కడుగుడు మేలు. బీడీ పొగ, డాష్‌బోర్డు పాలిష్, దుమ్ము కలిసి అద్దానికి ఒక పొర పడ్తది, ఆవిరి దాన్నే పట్టుకొని నిలుస్తది. రెండు సుక్కల లిక్విడ్ కలిపిన నీళ్లతోని తుడిసి, మంచినీళ్లతోని మళ్ల తుడిసి, ఎండు పేపర్‌తోని రుద్దితే చాలు.

ఎనుక అద్దానికి అడ్డంగ సన్న గీతలున్న కార్లుంటయ్. అవి వేడెక్కే తీగలు. వాటికి వేరే బటన్ ఉంటది, నొక్కితే ఎనుక దిక్కు కనవడ్తది. లోపటి నుంచి స్టిక్కర్ అతికిచ్చి, పాతగైనంక బ్లేడుతోని గీకితే ఆ తీగ తెగుతది, తెగినకాడ గీత పని చెయ్యది.

కారు లేదు, బైకే అనేటోళ్లకు హెల్మెట్ అద్దం కూడా ఇదే బాధ. చలికి ముక్కుకు దస్తీ కట్టుకుంటే ఊపిరి మొత్తం పైకి పోయి అద్దానికి తాకుతది. దస్తీని ముక్కు కాడ బిగించి, గదవ కాడ వదులు చేస్తే ఊపిరి కిందికి పోతది. బండి ఆగినప్పుడు హెల్మెట్ అద్దం ఒక వేలు మందం తెరవాలె. నడుస్తున్నప్పుడు గదవ కాడి గాలి రంధ్రం మూసుకోవద్దు.