ఆగ్రహం అంటే కోపమేనా?



హిందీ పాఠంలో ‘ఆగ్రహ్’ అనే మాట కనబడగానే మన పిల్లలు కొందరు ‘కోపం’ అని అర్థం రాసేస్తారు. హిందీలో దాని అర్థం పట్టుబట్టి కోరడం. మాట ఒకటే అయినా అర్థం ఎందుకు మారింది?

పుట్టుక: ఆగ్రహం సంస్కృత పదం. ‘గ్రహ్’ అంటే పట్టుకోవడం. దానికి ముందు ‘ఆ’ చేరితే పట్టు విడవకపోవడం. హిందీలో ఈ అర్థం నిలిచింది. తెలుగులో తీవ్రమైన కోపం అనే అర్థం స్థిరపడింది. అయినా పాత అర్థం ‘సత్యాగ్రహం’లో మనకూ మిగిలే ఉంది. సత్యాగ్రహం అంటే సత్యాన్ని పట్టుకుని వదలకపోవడం. రాజమహేంద్రవరం దగ్గర సీతానగరంలో డాక్టర్ బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యం గారు స్థాపించిన గౌతమీ సత్యాగ్రహాశ్రమం పేరులో ఉన్నదీ ఈ అర్థమే.

వాడుక: ‘అమ్మకి కోపం వచ్చింది’ అంటాం గాని ‘ఆగ్రహం వచ్చింది’ అనం. కోపం ఇంటి మాట. ఆగ్రహం పురాణ కథల్లో, పేపర్లలో ఎక్కువ. దుర్వాసుడిది ఆగ్రహం, జనానిది ప్రజాగ్రహం. అన్యాయం చూసి వచ్చేది ధర్మాగ్రహం.

చిన్న కోపాలకూ మనకు పేర్లున్నాయి. పని సాగకపోతే చిరాకు. మనవాళ్లు బుజ్జగించాలని మూతి ముడుచుకుంటే అలక. ఏమీ చేయలేక ఏడుపుతో కలిసి వచ్చేది ఉక్రోషం.

ఇంట్లో ఇలా చేయండి: గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. అందువల్ల ముందే జాగ్రత్తపడతాం. పిల్లల కోపానికి ఈ మాటలే హెచ్చరికలు. బాబు గాని పాప గాని ‘ఐ యామ్ యాంగ్రీ’ అని తలుపు వేసుకుంటే, కాస్త ఆగి ‘చిరాకా నాన్నా, అలకా, ఉక్రోషమా?’ అని అడగండి. చిరాకైతే కాసేపు వదిలేయండి. అలకైతే దగ్గర కూర్చోండి. ఉక్రోషమైతే బడిలో ఏం జరిగిందో నెమ్మదిగా అడగండి. పేరు తెలిస్తే ఏం చేయాలో మనకూ తెలుస్తుంది.

ఈ ఆదివారం ‘గ్రహ్’ నుంచి పుట్టిన మాటలు ఐదు వెతకమనండి. గ్రహణం, సంగ్రహం, నిగ్రహం, అనుగ్రహం వాళ్లకే దొరుకుతాయి. అందులో నిగ్రహం అంటే మనల్ని మనం పట్టుకోవడం. ప్రోగ్రెస్ కార్డు ఇంటికొచ్చిన సాయంత్రం మనకు ముందుగా కావలసింది అదే.