చేపల తొట్టిలో హీటరునకు తగిన తావు

ఇంటియందు అద్దపు తొట్టి నుంచి, అందు రంగుచేపలను పెంచు వేడుక నేడు పెద్ద నగరములకే పరిమితమై లేదు. అనకాపల్లి వంటి పట్టణములలోను ముందుగదిలో నొక తొట్టి, దానిపై దీపము, అడుగున గులకరాళ్లు, నాలుగైదు జతల గప్పీలు కనిపించుట వింత కాదు. చేపలతోపాటు అంగడివారు ఒక గాజుగొట్టమును కూడ ఇచ్చెదరు. అది నీటిని వెచ్చజేయు విద్యుత్ హీటరు. ఎంత శక్తి గల హీటరు కొనవలెనో అంగడిలో చెప్పుదురు. దానిని తొట్టిలో ఎచ్చట నమర్చవలెనో చెప్పువారు అరుదు. చేపల క్షేమము మాత్రము ఆ తావుపై చాలవరకు ఆధారపడి యున్నది.

అసలు మన ప్రాంతమున హీటరు అవసరమా? చేప తన దేహమును తానుగా వెచ్చగా నుంచుకొనజాలదు. నీటి వేడిమియే దాని వేడిమి. గప్పీ, ఏంజెల్, ఫైటరు మున్నగునవి ఉష్ణదేశపు చేపలు. వీనికి 24 నుండి 28 సెంటిగ్రేడు డిగ్రీల నీరు హితము. బంగారుచేపకు చల్లని నీరే మేలు. దానికి హీటరుతో పని లేదు. అనకాపల్లి సముద్రమునకు దగ్గరగా నున్నందున సంవత్సరమున అధికభాగము నీరు తనంత తానే వెచ్చగా నుండును. చిక్కు వచ్చునది ధనుర్మాసము, సంక్రాంతి నాళ్లలో. అప్పుడు రాత్రివేళ చలి 20 డిగ్రీల లోపునకు దిగును. పగలు మరల ఎండ కాయును. చిన్న తొట్టిలోని కొద్దిపాటి నీరు ఈ మార్పులను వెంటనే అనుసరించును. చేపలకు చలి కంటెను ఈ హెచ్చుతగ్గులే ఎక్కువ కీడు. అట్టివేళ చేప రెక్కలు ముడుచుకొని అడుగున చేరును, మేత ముట్టదు. ఒంటిపై ఉప్పురవ్వల వంటి తెల్లమచ్చలు పుట్టించు రోగమునకు సులభముగా లోనగును. ఎగువ మన్యమున చింతపల్లి, లంబసింగి ప్రాంతములలో 5 డిగ్రీల లోపునకు దిగు రాత్రులు కలవు; అచ్చట ఉష్ణదేశపు చేపలను పెంచువారికి హీటరు తప్పనిసరి.

ఇక తావు మాట. ఈ విషయమును గ్రహించుటకు అనకాపల్లి వారికి బెల్లము వండు పెనమును మించిన నిదర్శనము లేదు. పొయ్యి పెనము క్రింద నుండును. అడుగున వేడెక్కిన చెరకురసము తేలికయై పైకి లేచును. పైనున్న చల్లని రసము బరువుచే క్రిందికి దిగును. అంతటితో చాలదని వండువాడు తెడ్డుతో రసమును కలియబెట్టుచునే యుండును, లేనిచో అడుగంటును. వేడి క్రిందనుండి రావలెను, ద్రవము కదలుచుండవలెను. చేపల తొట్టికిని ఈ రెండు సూత్రములే వర్తించును.

హీటరును నీటి పైభాగమున నమర్చినచో పైపొర మాత్రమే వెచ్చనై అచ్చటనే నిలిచిపోవును. అడుగున తిరుగు చేపలు చలిలోనే యుండును. కనుక పూర్తిగా మునుగుటకు తగిన హీటరైనచో, దానిని అడుగునకు నాలుగైదు అంగుళముల ఎత్తున, వెనుక అద్దమునకు అడ్డముగా గాని కొంచెము ఏటవాలుగా గాని అమర్చుట మేలు. గొట్టముపై మునుగవలసిన మట్టమును తెలుపు గీత యున్నచో తయారుచేసినవారి సూచనను పాటింపవలెను. కొన్నిటిని నిలువుగా, తల నీటి వెలుపల నుండునట్లే అమర్చవలసి యుండును. ఏ రకమైనను గులకరాళ్లలో పూడ్చరాదు. రాళ్ల నడుమ నీరు కదలదు. వేడి ఒకచోటనే నిలిచి గాజు పగులును.

రెండవ సూత్రము మరింత ముఖ్యము. హీటరు గొట్టములోనే థెర్మోస్టాటు అను చిన్న సాధనము కలదు. కోరిన వేడిమి రాగానే అది విద్యుత్తును ఆపును, నీరు చల్లబడగానే మరల ప్రసరింపజేయును. అది గుర్తించునది తన చుట్టునున్న నీటి వేడిమిని మాత్రమే. నీరు కదలని మూలలో, రాతిబొమ్మ చాటున హీటరు నుంచితిమా, ఆ మూలనీరు త్వరగా వేడెక్కి థెర్మోస్టాటు పని ముగిసినదని తలచును. ఆవలి కొన చల్లగానే మిగులును. కాబట్టి ఫిల్టరునుండి నీరు వెడలు తావున, ఆ ప్రవాహము గొట్టమును ఒరసికొని పోవునట్లు అమర్చవలెను. ఫిల్టరు లేనిచో గాలిబుడగలు లేచు రాయి దగ్గర అమర్చవచ్చును. ఉష్ణమాపకమును హీటరు ప్రక్కన గాక, తొట్టి యొక్క రెండవ కొనన ఉంచవలెను. అచ్చట సరిపోయినచో తొట్టి యంతటను సరిపోయినట్లే.

శక్తి విషయమున లీటరు నీటికి సుమారు ఒక వాటు చాలును. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 35 ఎత్తు గల తొట్టిలో రాళ్లు పోను ఇంచుమించు 55 లీటర్ల నీరు పట్టును. దానికి 50 వాట్ల హీటరు సరిపోవును. అది ఆ నీటిని ఒక డిగ్రీ పెంచుటకు, మధ్యలో వేడి పోకున్నను, గంటకు పైగా పట్టును. ఈ నెమ్మదియే చేపలకు మేలు. వేగిరపడి కాగిన నీరు పోయుట వానికి ప్రాణాంతకము.

నీరు, విద్యుత్తు ఒకచోట చేరినప్పుడు మనుష్యులకును జాగ్రత్త వలయును. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు ప్లగ్గును తీసివేయవలెను. నీరు మార్చునప్పుడు హీటరును ఆపి, పావుగంట చల్లారనిచ్చి, పిమ్మట నీరు తీయవలెను. వేడి గొట్టము గాలికి బయటపడినచో పగులును. తీగ ప్లగ్గు కంటె దిగువకు వ్రేలాడి మరల పైకి పోవునట్లున్నచో, దాని వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గును చేరక క్రింద రాలిపోవును. ఎర్తు గల మూడు కన్నముల సాకెట్టునే వాడవలెను. గొట్టము పగిలిన హీటరును మరమ్మతు చేయింపక పారవేయుట మంచిది.

చలిరాత్రి కరెంటు పోయినచో తొట్టి చుట్టు దుప్పటి కప్పి, పైన గాలి యాడుటకు కొంత సందు విడువవలెను. వేసవిలో హీటరును తీసి భద్రపరచుకొనుటయే లెస్స; వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును, అప్పుడు చేపలకు గాలి యెక్కువ కావలెను. అయితే రేయింబవళ్లు ఎయిర్ కండిషనరు నడుచు గదిలో తొట్టి యున్నచో వేసవి యందును హీటరుతో పని యుండవచ్చును.

చేప నోరెత్తి చలియని చెప్పలేదు. రాత్రి పరుండబోవునపుడొకసారి, తెల్లవారుజామున నొకసారి ఉష్ణమాపకమును చూచినచో, హీటరు తన తావున నున్నదో లేదో అదియే తెలుపును. రెండు వేళలందును అంకె ఇంచుమించు ఒక్కటే యైనచో హీటరు సరియైన తావున నున్నట్లే. చేపలు సుఖముగా నున్నట్లే.