ఇటలీ రుచికి ఇంటి దారి

జంషెడ్‌పూర్‌లోని కదమా ప్రాంతంలో ఒక తెలుగువారి ఇంటిని ఊహించుకోండి. ఇంటివారు పది రోజులు ఇటలీ చూసి వచ్చారు. తెచ్చుకున్న పెట్టెలో రెండు స్పగెట్టి పొట్లాలూ, ఒక ఆలివ్ నూనె సీసా ఉన్నాయి. వచ్చిన మొదటి ఆదివారమే ఇల్లాలు పొయ్యి వెలిగించింది. కానీ నేపుల్స్ వీధిలో తిన్న రుచి రాలేదు. స్పగెట్టి ముద్దయింది. టమాటా గుజ్జు దానికి అంటకుండా, నీళ్ళోడుతూ కంచం అడుగుకు చేరింది.

“పోనీలే, ఆ ఊరి నీళ్ళే వేరు” అన్నాడు ఇంటాయన.

యాత్ర నుంచి తిరిగివచ్చిన ప్రతి ఇంటా వినబడే మాటే ఇది. చిత్రమేమంటే, కిటుకు నిజంగా నీళ్ళలోనే ఉంది. అయితే అది ఊరి నీళ్ళలో కాదు, పాస్తా ఉడికిన గిన్నెలోని నీళ్ళలో.

ఎండు పాస్తాను డ్యూరమ్ అనే గట్టి గోధుమల రవ్వతో చేస్తారు. తమ దేశంలో తయారయ్యే ఎండు పాస్తాకు ఆ గోధుమలనే వాడాలని ఇటలీ 1967లో చట్టమే చేసింది. మన బన్సీ రవ్వ కూడా ఈ జాతి గోధుమలదే. వంద గ్రాముల పాస్తాకు ఒక లీటరు నీరు, పది గ్రాముల ఉప్పు అన్నది ఇటలీ గృహిణుల లెక్క. పొట్లం మీద చెప్పిన సమయానికి ఒకటి రెండు నిమిషాల ముందే దించాలి. అప్పుడది మెత్తబడీ మెత్తబడనట్లు పంటికి తగులుతుంది. అన్నం విషయంలో మనం ‘పలుకుగా ఉంది’ అంటామే, సరిగ్గా ఆ పదును.

వార్చిన నీటిని పారబోయరాదు. పాస్తాలోని పిండి పదార్థం దిగి అది పలుచని గంజి అవుతుంది. టమాటా గుజ్జు ఉడుకుతున్న మూకుడులో పాస్తాను వేసి, ఈ గంజి ఒక గరిటెడు పోసి కలియబెడితే, నూనె, నీరు విడిపోకుండా చిక్కబడి పోగుపోగునా పట్టుకుంటాయి. గంజి విలువ తెలుగింటికి ఎవరో నేర్పవలసినది కాదు.

ఇక టమాటా సంగతి. అది ఇటలీ సొత్తని లోకం అనుకుంటుంది. కానీ అది అమెరికా ఖండాల నుంచి స్పెయిన్ వారి ద్వారా ఐరోపాకు చేరిన పంట. నేపుల్స్‌లో 17వ శతాబ్దం చివర ఆంటోనియో లాటీనీ తన పాకశాస్త్ర గ్రంథంలో టమాటా పచ్చడి వంటి వంటకాన్ని వివరిస్తూ, దానిని స్పెయిన్ పద్ధతి అనే పేర్కొన్నాడు. మన ఇళ్ళలో మిరపకాయ ఎంత పరాయిదో, వారి ఇళ్ళలో టమాటా అంతే పరాయిది. ఇరువురూ వచ్చిన అతిథిని ఇంటివాణ్ణి చేసుకున్నారు.

కదమా ఇంటికి మరొక చిక్కు ఉంది. ఇంట్లో అత్తగారు శుద్ధ శాకాహారి. పార్మిజానో-రెజ్జానో జున్ను తయారీకి పాలు విరవడానికి లేగదూడ కడుపు నుంచి తీసిన పదార్థాన్నే వాడాలని నియమం. ఈ సంగతి తెలిసిన మరుక్షణం ఆవిడ కంచం పక్కకు జరిపారు. కోడలికి యాత్ర జ్ఞాపకం ముఖ్యమే. కానీ ఒకరిని పస్తు పెట్టి తక్కినవారు తినే జ్ఞాపకం ఎవరికి రుచిస్తుంది?

పరిష్కారం ఇటలీ పేదల వంటింట్లోనే ఉంది. దక్షిణాన సిసిలీ, కలాబ్రియా ప్రాంతాలలో జున్ను కొనలేని కుటుంబాలు, మిగిలిన ఎండు రొట్టెను పొడి చేసి, నూనెలో దోరగా వేయించి పాస్తాపై చల్లుకునేవి. అది లేమిలో పుట్టిన వంట. నేడు ఇష్టపడి తినే వంట. ఇక బేసిల్ ఆకు కోసం పెద్ద అంగళ్ళు వెదకనక్కరలేదు. వేసవిలో మనం నానబెట్టుకునే సబ్జా గింజల మొక్క, అంటే రుద్రజడ, ఆ జాతిదే. పరిమళంలో కొద్దిపాటి తేడా ఉంటుంది, అంతే.

ఇటలీ గృహపాకానికి పెద్ద దిక్కైన పెల్లెగ్రీనో ఆర్టూసీ వృత్తిరీత్యా వర్తకుడు. 1891లో 475 వంటకాల గ్రంథాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. పాఠక గృహిణులు ఉత్తరాలలో తమ ఇంటి పద్ధతులు వ్రాసి పంపగా, 1911లో ఆయన మరణించేనాటికి ఆ సంఖ్య 790కి పెరిగింది. 2025 డిసెంబరు 10న ఢిల్లీ ఎర్రకోటలో సమావేశమైన యునెస్కో సంఘం ఇటలీ వంట సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన దీపావళికీ అదే రోజున ఆ గౌరవం దక్కింది. ఆ గుర్తింపు ఏ ఒక్క వంటకానికో కాదు, వ్యర్థం చేయకుండా వండి, కలిసి కూర్చుని తినే అలవాటుకు.

ఈ పాఠం జంషెడ్‌పూర్ తెలుగువారికి కొత్త కాదు. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ చుట్టూ ఊరు పెరగగా, ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చాయి. గోంగూర వంశానికే చెందిన కుద్రుంను ఈ ప్రాంతవాసులు ఎర్రని కాయల పచ్చడిగా నూరుకుంటారు. ఆ పులుపు తెలుగు నాలుకకు పరాయిది కాదు. సొంత ఊరి రుచిని దూరదేశంలో నిలుపుకోవడం తెలిసినవారికి, దూరదేశపు రుచిని సొంత ఇంటికి తెచ్చుకోవడం ఎంత పని?

రెండవ ఆదివారం సాక్చీ బజారు టమాటాలు నిదానంగా చిక్కబడ్డాయి. గంజి కలిసింది. వేయించిన రొట్టెపొడి రాలింది. అది నేపుల్స్ రుచేనా అంటే, కాదు. కానీ ఈసారి అత్తగారి కంచం పక్కకు జరగలేదు.