వేసవి ఫుట్‌బాల్‌కు పిల్లల్ని పంపాలా, వద్దా?

నిజామాబాద్ (మా విలేఖరి): ఏప్రిల్ నెలాఖరులో మూతపడిన బడులు తిరిగి తెరిచేది జూన్ 12న. నడుమ సుమారు ఏడు వారాల సెలవులు. క్రీడాశాఖ వేసవి శిక్షణ శిబిరాలు నడిపేదీ, ఊళ్ళలో యువకులు పోటీలు పెట్టేదీ ఈ రోజుల్లోనే. కబడ్డీ, వాలీబాల్ మనకు పాతవే. ఫుట్‌బాల్ విషయం వచ్చేసరికి, దానికి పిల్లల్ని పంపితే ప్రయోజనం ఉంటుందా అని తల్లిదండ్రులు ఆలోచనలో పడుతున్నారు.

వారి వెనుకాటకు కారణాలున్నాయి. యాసంగి వరి కోతలు, వడ్లు ఆరబోయడం, కుప్పల దగ్గర కావలి అన్నీ ఈ రోజుల్లోనే. తండ్రి గల్ఫ్‌కు పోయిన ఇళ్ళలో భారమంతా తల్లిదే. బీడీలు చుట్టే ఇళ్ళలో సెలవులు వచ్చాయంటే ఆడపిల్ల తల్లి పక్కన చేట ముందు కూర్చోవలసిందే. మగపిల్లవాడు అడగకుండానే మైదానానికి పోతాడు. ఆడపిల్ల అడిగినా పోలేదు. కనుక ఈ ప్రశ్న అసలు ఆడపిల్లలకు సంబంధించినది.

మన జిల్లా బిడ్డే సాక్ష్యం

ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఏమిటి అనేవారికి గుగులోత్ సౌమ్యే జవాబు. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఈ క్రీడాకారిణి భారత మహిళా జట్టులో స్థానం సంపాదించింది. 2022లో క్రొయేషియా దేశపు దినామో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరింది.

అయితే పంపిన ప్రతి పిల్లా సౌమ్య కాదు. నెల రోజుల శిబిరంతో ఉద్యోగం రాదు. ఆ ఆశ చూపి డబ్బు అడిగేవారిని నమ్మరాదు. దమ్ము పెరగడం, పదిమందితో కలిసి ఆడటం, ఓటమిని ఓర్చుకోవడం మాత్రం ప్రతి పిల్లకూ దక్కుతాయి. ఆటలో ఆసక్తి నిలిస్తే పాఠశాల క్రీడల్లో 14, 17, 19 ఏళ్ళలోపు విభాగాల పోటీలున్నాయి.

ముందు అడగవలసినవి

నేర్పేది ఎవరు అన్నది మొదటి ప్రశ్న. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వారు, వృత్తిరీత్యా బడిపంతులు. ఓపికగా నేర్పే వ్యాయామోపాధ్యాయుడు ఉంటే పెద్ద మైదానం లేకున్నా ఫరవాలేదు.

రెండవది పోటీ పద్ధతి. ఓడితే ఇంటికి పంపే పద్ధతిలో ప్రవేశ రుసుము కట్టి, ఆటో కిరాయి పెట్టుకొని పోయిన జట్టు ఒక్క ఆటతోనే తిరిగి రావచ్చు. లీగ్ పద్ధతిలో ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతోనూ ఆడుతుంది. నాలుగు జట్లుంటే జట్టుకు మూడేసి ఆటలు, మొత్తం ఆరు. పిల్లలకు ఇదే మేలు. పదీ పన్నెండేళ్ళ వారిని పెద్ద మైదానంలో పదకొండు మందిగా దింపితే చాలామందికి కాలికి బంతి తగలదు. చిన్న మైదానంలో ఏడుగురు చొప్పున ఆడించాలి. బంతి కూడా పెద్దలు ఆడే ఐదవ నెంబరు కాక, నాలుగవ నెంబరు ఉండాలి.

మూడవది ఖర్చు. మొదటి ఏడే ఖరీదైన బూట్లు కొననక్కరలేదు. మట్టి మైదానంలో కాలికి సరిపోయిన కాన్వాసు బూట్లు చాలు. ప్రైజు డబ్బు కోసం అప్పు చేసి జట్టు కట్టే పోటీలకు పిల్లల్ని పంపకపోవడమే మంచిది.

ఎండతో జాగ్రత్త

మే నెలలో మన జిల్లాలో ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. ఆట పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపలే ముగియాలి. పది గంటలకు ఫైనల్ పెట్టి, నాయకులు వచ్చే వరకు పిల్లల్ని ఎండలో నిలబెట్టే పద్ధతి మానాలి. మధ్యమధ్య ఆట ఆపి నీళ్ళు తాగించాలి. ఇంటికి వచ్చాక మజ్జిగో, గంజో ఇవ్వాలి. తల తిరిగినా, వాంతి వచ్చినా వెంటనే ఆట మాన్పించి నీడకు చేర్చాలి. మాట తడబడితే ఒళ్ళంతా తడిపి, 108కి ఫోన్ చేయాలి. వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి తప్పదు. వారంలో ఆడే గంటలు పిల్ల వయసు సంఖ్యను మించరాదని క్రీడా వైద్యుల సలహా. అంటే పదేళ్ళ పిల్లకు పది గంటలే.

పొద్దున రెండు గంటలు

ఈ లెక్కన వేసవి ఆటకు పోయేది పొద్దున రెండు గంటలు. ఎనిమిదిన్నరకు పిల్ల ఇల్లు చేరుతుంది. ఆ రెండు గంటలకు ఇంటి పని ఆగిపోదు. పక్కింటి పిల్లలు నలుగురు కలిసి పోయి, కలిసి వచ్చేలా చూసుకుంటే తల్లికి భయమూ ఉండదు. నేర్పేవారు, నీళ్ళు, నీడ, తోడు ఉన్న శిబిరానికి నిస్సందేహంగా పంపవచ్చును. ఈ నాలుగింటిలో ఏది లేకున్నా నిర్వాహకులను నిలదీసి అడగవలసిందే.

అధికారులు చేయవలసినదీ ఉన్నది. శిబిరం ఎక్కడ, ఏ వేళకు అన్నది బడులు మూయకముందే పంచాయతీలో చాటింపు వేయించాలి. ఆడపిల్లలున్న చోట మహిళా శిక్షకురాలిని నియమించాలి. శిబిరం ముగిసిన నాడు బంతులను బీరువాలో పెట్టి తాళం వేయక ఊరి బడికి అప్పగించాలి. జూన్‌లో బడి తెరిచాక ఆట ఆగిపోతే, మే నెలలో పిల్లలు పడ్డ శ్రమ వృథా అవుతుంది.