ఇంటిబండి కొనేముందు

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వర్తకుడు. దాన్ని అందరికీ కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు.

అమెరికాలో పికప్ ట్రక్కు తొట్టిపై ఆనించి లాగే పెద్ద ఇంటిబండిని ‘ఫిఫ్త్‌వీల్’ అంటారు. దాన్ని తొలిసారి కొనదలచిన అక్కడి మన కుటుంబాలకు ఈ బోధన మార్గదర్శకం.

మొదట బరువు చూడాలి. ఖాళీ బండి బరువును నమ్ముకోరాదు. నీరు, సామాను చేరాక ఉండే గరిష్ఠ బరువే లెక్క. అందులో సుమారు 20 నుంచి 25 శాతం ట్రక్కుపై పడుతుంది. బండి 6,000 కిలోలైతే ఆ భారం 1,200 నుంచి 1,500 కిలోలు. ట్రక్కు ఎంత మోయగలదో డ్రైవరు తలుపు దగ్గరి చీటీలో ఉంటుంది. భార్యాపిల్లల బరువు కూడా ఆ హద్దులోనే ఇమడాలి.

తరువాత తడి. పాతబండి అయితే పైకప్పు అతుకులు పరీక్షించండి. పక్కకు జరిగే గదుల మూలల్లో నేలను నొక్కి చూడండి. మెత్తగా దిగితే చెక్క కుళ్ళినట్లే. టైరుపై తయారీ తేదీ చదవండి: ‘2319’ అంటే 2019లో 23వ వారం.

చివరిది అప్పు. వీటికి 15, 20 ఏళ్ల వడ్డీ రుణాలు దొరుకుతాయి. బండి విలువ ఏటేటా తరుగుతుంది, వడ్డీ పాపం మాత్రం మెడకు చుట్టుకుంటుంది. దివ్య ఖుర్‌ఆన్ (2:275) వడ్డీని నిషేధించింది. విహారం మనపై విధి కాదు. ముందు అద్దెకు తీసుకుని చూడండి. చేతిలోని హలాల్ సొమ్ముకు అందే చిన్న బండితో తృప్తిపడండి.

రేపు దాన్ని అమ్మేటప్పుడు, తడి ఎక్కడుందో అడగకముందే చెప్పండి.