చూచినవారి సాక్ష్యము

మా మేనత్త యొకనాటి యుదయమున వంటయింటి గడపకు చేరగిలబడి కాఫీ త్రాగుచుండెను. గడియారము ఆరు కొట్టి యెంతోసేపు కాలేదు. ఉన్నట్టుండి ఆమె కుడిచేతిలోని గ్లాసు ఒక ప్రక్కకు ఒరిగి, వేడి కాఫీ చీరకుచ్చిళ్ళమీదికి ధారగట్టుచున్నను, ఆమె దానిని నిలబెట్టుకొనుటకు యత్నింపక, అది పరాయివారి చేయియైనట్లు దానివంకనే చూచుచు ఉండిపోయెను. “ఏంటి వదినా, రాత్రి నిద్ర పట్టలేదా?” అని మా అమ్మ అడిగినప్పుడు ఆమె యేదో చెప్పబోయెను గాని, మాటలు ముద్దకట్టి ఒకదానికొకటి అంటుకొనిపోయినవి, పెదవికొస ఎడమకు లాగుకొనిపోయినది. మేమందరము చూచితిమి. చూచి, నీరసమనుకొంటిమి. మజ్జిగలో ఉప్పు కలిపి పట్టించితిమి. అందులో సగము నోటినుండి జారిపోయినది. మంచముమీద పడుకొనబెట్టి, గాలి సోకినదని యొకరును, పావురపు నెత్తురుతో మర్దించిన చేయి తిరిగివచ్చునని వేరొకరును చెప్పుచుండగా వినుచు కూర్చుంటిమి. పట్టణములోని ఆసుపత్రికి చేరునప్పటికి ప్రొద్దు వాలినది. అక్కడి వైద్యుడు నాడి పట్టకముందే అడిగిన ప్రశ్న నాకిప్పటికిని చెవిలో మ్రోగుచుండును: “ఆమెను చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు?”

ఆ ప్రశ్నకు సమాధానము మాలో ప్రతివారికిని తెలియును.

కడుపునొప్పి వచ్చినవాడు తన బాధ తానే చెప్పుకొనగలడు. మెదడునకు దెబ్బతగిలినవానికి చెప్పవలసిన యవయవమే చెడియుండును. మూర్ఛవచ్చి పడినవానికి తాను పడినట్లే జ్ఞాపకముండదు. పక్షవాతము సోకినవారిలో కొందరికి తమ చేయి పడిపోయినదన్న యెరుకయే నశించును. కావున నాడీమండలవ్యాధులను గుర్తించుటలో మొదటి పరికరము స్కానింగు యంత్రము గాదు, ప్రక్కనున్నవారి కన్ను. ఈ విషయమును మన కుటుంబములలో ఎవరును ఎవరికిని నేర్పకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగ తోచును. ఏలయన అది నేర్పుటకు పట్టుకాలము అరగంటకు మించదు.

పక్షవాతము చాలమందిలో మెదడునకు రక్తము కొనిపోవు నాళమొకటి గడ్డచేత మూసికొనిపోవుటవలనను, కొందరిలో నాళము చిట్లుటవలనను కలుగును. పెద్దనాళము మూసికొనినచో చికిత్స లేక గడచు ప్రతి నిమిషమునకును సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో ఒక గణన వెలువడినది. గడ్డను కరగించు మందు మూడుగంటలలోపున ఇచ్చినచో ఫలించునని 1995లో అమెరికా పరిశోధకులు నిరూపింపగా, 2008 నాటికి ఆ గడువు నాలుగున్నర గంటలకు సాగినది; 2015 నుండి తొడలోని నాళము ద్వారా సన్నని గొట్టమును పంపి గడ్డను వెలికిలాగు పద్ధతి స్థిరపడి, మెదడులో ఇంకను కాపాడదగిన భాగము మిగిలియున్నట్లు స్కాన్‌లో కనబడిన కొందరికి 24 గంటలవరకును ఉపకరించుచున్నది. ఈ గడియారము రోగి ఆసుపత్రి మెట్లెక్కినప్పటినుండి గాక, ఆతడు చివరిసారి బాగుండినప్పటినుండి తిరుగుచుండును. వైద్యుడు నన్నడిగిన ప్రశ్నకు అర్థమిదియే.

చూడవలసినవి మూడే: నవ్వుమన్నప్పుడు మూతి ఒకవైపు జారుచున్నదా, రెండుచేతులు చాచుమన్నప్పుడు ఒకటి దిగజారుచున్నదా, తెలిసిన మాటనొకదానిని చెప్పుమన్నప్పుడు నాలుక తడబడుచున్నదా. ఈ మూడింటిలో ఏ యొక్కటి హఠాత్తుగా కనబడినను 108కి ఫోన్ చేయవలెను. మన తెలుగునేలమీద ఆ వాహనములు 2005 నుండి తిరుగుచున్నవి. నోటికి నీరుగాని మాత్రగాని అందింపరాదు, మ్రింగుడు చెడియుండును గనుక. గుండెకు మంచిదని వినియున్న ఆస్పిరిన్‌ను సైతము స్కాన్ తీయకముందు వేయరాదు; నాళము చిట్లినవారికి అది హాని చేయును. పది నిమిషములలో అన్నియు సర్దుకొన్నను, సర్దుకొన్నవిగదా యని ఇంట నుండరాదు. అట్టి క్షణికపక్షవాతము వెనుకనే పెద్దది వచ్చుట కలదు.

ఇక మూర్ఛ. మన భాషలో ఈ మాట చేసిన మేలుకంటె కీడే యెక్కువయేమో! పురాణకథలలో దుర్వార్త విని నేల వ్రాలిన రాణియు మూర్ఛపోవును, నురుగులు గ్రక్కుచు కొట్టుకొనువాడును మూర్ఛపోవును. మొదటిది కేవలము సొమ్మసిల్లుట. ముఖము తెల్లబోయి, చెమటపట్టి, పడుకొనబెట్టిన నిమిషమునకే తెలివి వచ్చును. రెండవది మన ఆయుర్వేదము అపస్మారమన్నది, స్మృతి తొలగుట యని దాని యర్థము; అందు దేహము కొయ్యబారి, కన్నులు ఒకవైపు తిరిగి, నాలుక ప్రక్కభాగము తెగి, కుదుపులు ఆగిన పిదప గూడ చాలసేపు మనిషి తికమకగా నుండును. ఈ రెండింటిని వేరుచేయునది చూచినవారి మాటయే. మెదడులోని విద్యుత్తరంగములను వ్రాయు ఇఇజి పద్ధతిని జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో లోకమునకు వెల్లడించినను, ఫిట్స్ ఉన్నవారిలో సైతము అది పలుమారులు నిర్దోషముగ వచ్చును. ఇప్పుడందరి చేతులలోను సెల్‌ఫోనున్నది. ఒకరు రోగిని కనిపెట్టుకొనియుండగా మరియొకరు అరనిమిషము వీడియో తీసినచో, వైద్యునికి అది పది పరీక్షలంత విలువైనది.

ఫిట్ వచ్చినవాని చేతిలో తాళముచెవుల గుత్తి పెట్టుటయు, ముక్కుకడ ఉల్లిపాయ నలుపుటయు నిష్ప్రయోజనము. పండ్లసందున చెంచా దూర్చుట అపాయకరము. ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, గడియారము చూచుచుండవలెను. అయిదు నిమిషములలో ఆగకున్నను, తెలివి రాకముందే రెండవది వచ్చినను ఆసుపత్రికి పరుగెత్తవలెను. పడిపోకుండ వచ్చు మూర్ఛయు గలదు: తరగతిలో పిల్లవాడు పాఠము నడుమ పది క్షణములు రెప్పలల్లార్చుచు శూన్యములోనికి చూచి, మరల ఏమియు ఎరుగనట్లు కొనసాగించును. పరధ్యానమని దెబ్బలుతిన్న పిల్లలెందరో!

ప్రపంచమున సుమారు 5 కోట్లమందికి ఈ వ్యాధి యున్నదనియు, తగిన మందులు వాడినచో వారిలో నూటికి 70 మంది ఫిట్స్ లేకుండ జీవింపగలరనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 1912 నుండి వాడుకలోనున్న ఫినోబార్బిటాల్ నేటికిని చవుకగా దొరకుచున్నది. మనదేశమున బద్దెపురుగు గ్రుడ్లు కలుషితమైన నీటితోనో కూరలతోనో కడుపులోనికి పోయి, మెదడులో తిత్తిగట్టుటవలన ఫిట్స్ వచ్చినవారు చాలమంది కలరు. మాంసము ముట్టనివారికిని ఇది వచ్చును.

వణుకుడురోగము మాట కొంత వేరు. అది తొందరపెట్టదు, సంవత్సరములతరబడి చాటున పెరుగును. దానిని 1817లో తొలుత చక్కగా వర్ణించిన జేమ్స్ పార్కిన్సన్ అను లండన్ వైద్యుడు తన చిన్నపుస్తకమున ఆరుగురి స్థితిని వ్రాసెను; వారిలో కొందరు ఆయనకు వీథిలో తారసపడినవారే. చూపు ఎంత పదునైనదో గదా! ఇంటిలో మనము చూడవలసినవియు అట్టివే: నడచునప్పుడు ఒక చేయి ఊగుట మానినది, సంతకము చీమలబారువలె చిన్నదైనది, ఊరక కూర్చున్నప్పుడు బొటనవ్రేలు చూపుడువ్రేలిపై విభూతి నలుపుచున్నట్లు కదలుచున్నది. దీనిని ముసలితనమని త్రోసివేయుదుము. మెదడులో తరిగిపోవు డోపమిన్‌ను తిరిగి సమకూర్చు లీవోడోపా 1960లనుండి ఈ వ్యాధికి ప్రధానౌషధమైనది. మన చేలగట్లపై పెరిగి, నూగు తగిలిన ఒడలంతయు దురదపెట్టు దూలగొండి గింజలనుండి ఆ పదార్థమునే మదరాసులో దామోదరన్, రామస్వామి అను శాస్త్రవేత్తలు 1937లోనే వేరుచేసిరి. ఆ సంగతి తలచుకొన్నప్పుడెల్ల నాకు గర్వము కలుగును; అంతమాత్రమున గింజలు దంచి ఇంటిలో వాడుకొనుమని ఎవరికిని చెప్పను, మోతాదు తప్పినచో అదియే మనిషిని మెలికలు తిప్పును.

తలనొప్పినిగూర్చి రెండు మాటలే. పార్శ్వపునొప్పికి నెలలో పదిపదునైదు దినములు నొప్పిమాత్రలు మ్రింగువారికి ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెచ్చిపెట్టును. జీవితములో ఎన్నడును ఎరుగనంతటి నొప్పి పిడుగువలె ఒక్కక్షణములో విరుచుకొనిపడినచో దానిని మెడికల్ షాపునకు గాక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

నేనెరిగిన యొక కుటుంబమున ఒక యమ్మాయికి పదునాలుగవయేట ఫిట్స్ మొదలై, మందులతో మూడేండ్లు ఒక్కటియు రాకుండ నిలిచినవి. పెండ్లి కుదిరినప్పుడు తల్లి ఆ మాత్రలను సున్నిపిండి డబ్బాలో అడుగున దాచి, “ఎవరికంటా పడకుండా వేసుకో తల్లీ” అని అత్తవారింటికి పంపినది. అత్తగారు ఆ డబ్బాకొరకు చేయి చాచిన నాటినుండి అమ్మాయి మాత్రలు మానినది. రెండువారములకు పెరటిలో గిన్నెలు తోముచు పడిపోయినది. మందును ఒక్కసారిగ మానుట మూర్ఛను తిరిగి పిలుచుటయే. కొన్ని మందులు, ముఖ్యముగ వాల్‌ప్రొయేట్, గర్భస్థశిశువునకు హాని చేయును గనుక వైద్యుడు పెండ్లికి ముందే మందు మార్చవలసియుండును. దాచినచోట మందు ఆపక వాడుటయు, ముందుగ మార్చుటయు రెండును తప్పిపోవును. దాచుటకు చట్టము సైతము ఒకప్పుడు కారణమైనది: 1976లో హిందూవివాహ చట్టములో ఉన్మాదముతోపాటు మూర్ఛను కూడ చేర్చిరి; 1999లో గాని ఆ మాట తొలగలేదు.

ఆ భర్త, నేను భయపడినదానికి భిన్నముగ, పుట్టింటికి కబురంపలేదు. భార్యను వెంటబెట్టుకొని వైద్యునికడకు పోయెను. “పడిపోయేముందు ఏం జరిగింది?” అని ఆయన అడుగగా, అమ్మాయి తనకేమియు తెలియదని తల వంచుకొన్నది. భర్త కుర్చీలోనుండి లేచి, “ఇలాగండి” అనుచు, తన తలను మెల్లగా ఎడమభుజమువైపునకు త్రిప్పి, ఎడమచేతి వ్రేళ్ళను ముడిచి చూపెను.