ఇంగ్లిష్‌లో ‘వుయ్’ ఒక్కటే.. తాతయ్యకే చిక్కు!

అమెరికాలో లేబర్ డే తర్వాత వచ్చే ఆదివారం ‘గ్రాండ్ పేరెంట్స్ డే’. 1978లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఈ రోజును అధికారికంగా ప్రకటించారు. పిల్లలు బడిలో రంగు కాగితాలతో కార్డులు చేసి తెస్తారు. మా అమ్మాయి వాళ్లుండేది టెక్సాస్‌లో. ఆరేళ్ల మనవరాలు తెచ్చిన కార్డు మీద ‘గ్రాండ్‌మా’ అని ఉంది. “ఇది అమ్మమ్మకా, నాయనమ్మకా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లకి” అంది. నిజమే మరి. ఆర్నెల్లు మేము, ఆర్నెల్లు వియ్యాలవారు. డ్యూటీలు మారుతుంటాయి!

మేమా.. మనమా?

ఇంగ్లిష్‌లో ‘వుయ్’ ఒక్కటే. మనకు ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఎదుటివారినీ కలుపుకొంటే మనం, కలుపుకోకపోతే మేము. ఓ శనివారం పొద్దున్నే మనవరాలు వచ్చి, “తాతయ్యా, మనం స్విమ్మింగ్‌కి వెళ్తున్నాం” అంది. బూట్లు తొడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని కారెక్కాను. “నువ్వెక్కడికి?” అంది. “మనం అన్నావుగా!” అన్నాను. “మనం అంటే నేను, నాన్న” అంది. వ్యాకరణం వల్ల కారు దిగిపోయిన మొదటి తాతయ్యను నేనే కాబోలు.

నాలుగేళ్ల మనవడి తీరు వేరు. వాడికి ఇంట్లో అందరూ మగవాళ్లే. “అమ్మమ్మ వచ్చాడు”, “అమ్మ తిట్టాడు” అంటాడు. అందరినీ నువ్వు అనే పిల్లాడు ఇల్లు ఊడ్చే రోబో యంత్రాన్ని మాత్రం “కొంచెం పక్కకు జరగండి” అని బతిమాలతాడు. అమ్మమ్మ అల్లుడుగారితో అనే మాట అది. ఎప్పుడు పట్టేశాడో!

ఓ రోజు వాళ్లమ్మమ్మ తలకాయ నొప్పి అని పడుకుంది. మామిడికాయ, వంకాయ, బీరకాయ తెలిసినవాడు కదా, “తలకాయ ఏ చెట్టుకి కాస్తుంది?” అని అడిగాడు. “మీ తాతయ్యకి కాసిందిరా, లోపల గింజ లేదు” అంది మా ఆవిడ, పడుకునే.

మనవరాలికి ముందు పన్ను ఊడింది. మా చిన్నప్పుడు ఊడిన పన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసిరేవాళ్లం. ఇక్కడ దిండు కింద పెడితే రాత్రికి ‘టూత్ ఫెయిరీ’ వచ్చి పన్ను తీసుకుని డబ్బులు పెట్టి వెళ్తుందట. రెండు పద్ధతులూ విన్న మనవరాలు, గిన్నెలో ఉన్న నా కట్టుడు పళ్ల వంక చూసి, “తాతయ్యా, అవన్నీ ఒకేసారి పెట్టెయ్. రిచ్ అయిపోతావ్” అంది.

నవ్వితే ఏమైంది?

నవ్వులన్నీ ఒకలాంటివి కావు. ఓ రాత్రి ఎనిమిదిన్నరకు ఊరి నుంచి వీడియో కాల్. అక్కడ మర్నాడు ఉదయం ఏడు. మనవరాలు ‘పెళ్లి’ని ‘పెల్లి’ అంది. బంధువులు నాలుగుసార్లు చెప్పించుకుని మరీ పగలబడి నవ్వారు. తర్వాత మూడు రోజులు ఆ పిల్ల మాతో తెలుగులో మాట్లాడితే ఒట్టు. ఎందుకమ్మా అంటే, “ఇంగ్లిష్‌లో నన్ను చూసి ఎవరూ నవ్వరు” అంది.

నాలుగో రోజు రాత్రి నేనే దాని కథల పుస్తకం అందుకున్నాను. ‘సాల్మన్’లో ఎల్, ‘వెడ్నెస్‌డే’లో డి గట్టిగా పలుకుతూ చదివాను. పిల్ల పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడే ఒప్పందం కుదిరింది. అది నాకు ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పాలి, నేను దానికి ‘ళ’ నేర్పాలి. తప్పు ఎవరిదైనా ఇద్దరం కలిసే నవ్వాలి. మర్నాటి నుంచి తెలుగు మళ్లీ మొదలైంది.

అమెరికాలో 2010-17 మధ్య తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి సెన్సస్ లెక్కల ఆధారంగా 2018లో ఓ విశ్లేషణ వెలువడింది. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి పిల్లలకు తెలుగు నేర్పుతోంది. అక్షరాలు అక్కడ వస్తాయి. అలగడం, బతిమాలడం, వేళాకోళం ఆడడం మాత్రం ఇంట్లోనే రావాలి. అందుకు తాతయ్యలకు, అమ్మమ్మలకు దొరికేది సాధారణంగా విజిటర్‌గా ఉండనిచ్చే ఆర్నెల్లే.

వచ్చే నెల మా గడువు పూర్తవుతుంది. ‘ళ’ సగం వచ్చింది. మిగతా సగం వియ్యపురాలికి ఫోన్‌లోనే అప్పజెప్పాను. మీ ఇంట్లోనూ ఏ చిట్టితల్లో “మనం పెల్లికి వెళ్తున్నామా?” అని అడిగితే ముందు ఆ ప్రశ్నకు జవాబివ్వండి. ‘ళ’ సంగతి తర్వాత చూసుకోవచ్చు.